తీరమున నిరీక్షణ: ఆర్. ఎస్. థామస్ కవితాపరిశీలనము

మహాకావ్యమున వర్ణింపవలసిన వస్తువులను లెక్కించుచు దండి నగరమునకు వెంటనే సముద్రమును బేర్కొనెను. ఆ నియమము ననుసరించి ప్రబంధములందు సముద్రవర్ణనము కథ నడుమ నొక విశ్రాంతిస్థానమై, కవి కల్పనాశక్తికి నికషోపలమై వెలసినది. వర్ణన ముగిసినంతనే కథ ముందునకు సాగును. సముద్రము వెనుక నుండిపోవును. ఇందులకు భిన్నముగా, తీరమే కావ్యవస్తువై, కవి దైవచింతకును దేశచింతకును నదియే పరీక్షాస్థలమైన కవిత్వ మొకటి యిరువదవ శతాబ్దియందు వేల్సు దేశమునఁ బుట్టినది. దానిని రచించినవాఁడు ఆర్. ఎస్. థామస్. అతఁడు 1913లో జన్మించి 2000లో మృతుఁడయ్యెను. నలువదియేండ్లకుఁ బైగాఁ గ్రైస్తవదేవాలయములందుఁ బౌరోహిత్యము నెఱపెను. ఆంగ్లభాషలోఁ గవిత్వము వ్రాసెను. ఆంగ్లభాషవలనఁ దన దేశభాష నశించుచున్నదని జీవితాంతము దుఃఖించెను.

ఇతని కవితను గూర్చి విమర్శకులలో నొక విభాగకల్పన వాడుకలో నున్నది. కొండపల్లెల కర్షకులను, వేల్సు పరాధీనతను వస్తువులుగాఁ గొన్న పూర్వకవి యొకఁడనియు, సముద్రతీరమున దేవుని వెదకిన యుత్తరకవి వేఱొకఁడనియు దాని తాత్పర్యము. మొదటివాఁడు రాజకీయకవి, రెండవవాఁడు భక్తికవి. ఈ విభాగము పఠనసౌకర్యమునకుఁ బనికివచ్చునే కాని పరీక్షకు నిలువదు. అతని విశ్వాసమును, ఆశయును, రాజకీయమును ఒకే తీరమున నడచినవి. వాని నొకదాని ప్రక్క నొకటి నుంచి చూచినప్పుడే యతని ఘనతయు, అతని కొఱఁతయు నొక్కసారిగా స్పష్టమగును. ఆ రెంటిని నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

కవియు తీరమును

థామస్ కార్డిఫ్ నగరమున జన్మించి, తండ్రి నావికుఁడగుటచే హోలీహెడ్ అను రేవుపట్టణమునఁ బెరిగెను. బాంగర్ కళాశాలలోఁ బ్రాచీన గ్రీకు లాటిను సాహిత్యములను జదివెను. 1936లో మతదీక్ష గైకొనెను. అతని యింటిభాష ఆంగ్లము. వేల్సు భాషను ముప్పదియేండ్ల ప్రాయమునఁ బట్టుదలతో నేర్చుకొనెను. ఆ భాషలో వచనము చక్కఁగా వ్రాయఁగలిగెను; కాని కవిత్వమునకు మాతృభాషయే కావలయునని నమ్మి దానిని ఆంగ్లముననే వ్రాసెను. తాను సహింపని ప్రాబల్యముయొక్క భాషయే తన నాలుకకు లోఁబడిన భాష యగుట యతని కవిత్వమునఁ గల యుద్వేగమున కంతకును మూలమని చెప్పవచ్చును.

1942 నుండి 1954 వఱకు మానవన్ అను కొండపల్లెయందును, అటుపిమ్మట 1967 వఱకు డవీ నదీముఖమునకు దాపుననున్న ఎగ్లుయిస్ వాఖ్ గ్రామమునందును, ఆపైన 1978 వఱకు అబర్‌డారన్ గ్రామమునందును అతఁడు పురోహితుఁడుగా నుండెను. ఈ క్రమమును దేశపటముపైఁ జూచినచో, అతని యుద్యోగజీవితము తూర్పుసరిహద్దునుండి పడమటికడలివైపు సాగిన దీర్ఘపాదయాత్రవలెఁ గనఁబడును. ఆంగ్లము వ్యాపించిన సరిహద్దును విడిచి, వేల్సుభాష వీథులలోను ఇండ్లలోను సజీవముగా నున్న తావును వెదకికొనుచు నతఁడు పడమరకు జరిగెను. అబర్‌డారన్ దాఁటిన పిమ్మట నడచుటకు నేల లేదు. తన తుదిమజిలీనుండి సముద్రశాఖ కావలఁ జిన్ననాఁటి హోలీహెడ్ కొండ కనఁబడుచుండుటఁ జూచి, తన జీవితమార్గము చుట్టుఁదిరిగి తొలితావున కెదురుగా వచ్చి నిలిచినదని ఆత్మకథలో నతఁడు భావించెను.

అబర్‌డారన్ లీన్ ద్వీపకల్పపుఁ గొనయందున్నది. హవిన్ అను సాధువు పేరఁ గల యచటి రాతిదేవాలయము సముద్రపుటొడ్డుననే నిలిచియున్నది. శ్మశానవాటికకు దిగువనే యిసుక, ఇసుకకు దిగువనే యలలు. అందుఁ బ్రార్థించువానికి అలలమ్రోఁత వినఁబడకుండుట దుర్లభము. తీరమువెంబడిఁ బడమటికి నడచినచో ద్వీపకల్పము కొండకొమ్ముగా ముగియును. దాని కావల రమారమి రెండుమైళ్ల దూరమున ఎన్లీ ద్వీపము కలదు. ఆంగ్లేయులు దానిని బార్డ్‌సీ అందురు. ఆఱవ శతాబ్దియందుఁ గాద్వన్ అను సాధువు అచట మఠము స్థాపించెననియు, ఇరువదివేలమంది సాధువు లచట సమాధిగతులైరనియు ఐతిహ్యము. ఆ ద్వీపమునకు మూఁడుమాఱులు చేసిన యాత్ర రోమునగరమునకు ఒకమాఱు చేసిన యాత్రతో సమానమని పూర్వుల నమ్మకము. నడుమనున్న జలసంధిలోఁ బ్రవాహములు మిక్కిలి యపాయకరములు. గాలియు నీరును అనుకూలింపనిచో యాత్రికుఁడు ఒడ్డుననే కాచుకొని యుండవలసినదే. కావున నీ తీరమున వేచియుండుట యాత్రకు విఘ్నము గాదు. యాత్రలో నొక యంగమే. కొండకొమ్ము దిగువ రాళ్లనడుమ మరియమాత పేరఁ గల యూట యొకటి యున్నది. పోటువేళ సముద్రము దానిని గప్పివేయును. ఆటువేళ నందు మఱల మంచినీరు దొరకును. ఈ భౌగోళికవిషయములు థామస్ కవితకు వ్యాఖ్యానప్రాయములు. వీనిని దెలిసికొనక అతని పదములను మాత్రము చదివినవారికి సముద్రము కేవలప్రతీకగాఁ దోఁచును. అతనికి మాత్ర మది ప్రతీక యగుటకు ముందు దినదినము నడచిన నేలయే.

విశ్వాసము

థామస్ పక్షులను బరిశీలించుటయందు మిక్కిలి యాసక్తి గలవాఁడు. వలసపక్షులకు దారియైన ఎన్లీ ద్వీపమున 1953 నుండి పక్షిపరిశీలనాలయము కలదు. ఒడ్డున గంటలకొలఁది కూర్చుండి, వచ్చునో రాదో తెలియని యరుదైన పక్షికై నీటివంక చూచుచుండుట యతనికి నిత్యవ్యాసంగము. 1975లో వెలువడిన 'లాబొరెటరీస్ ఆఫ్ ది స్పిరిట్' సంపుటమునందలి 'సీ వాచింగ్' అను ఖండిక యీ వ్యాసంగమునుండి పుట్టినది. అందుఁ బక్షికై చూచుటయు, దేవునికై ప్రార్థించుటయు మొదట ఉపమేయోపమానములుగాఁ దోఁచును. చదువుచుఁ బోఁగా నేది యుపమానమో యేది యుపమేయమో విడఁదీయుట కష్టమగును. పక్షి రాదు. దాని రాక కొఱకు మిగిలిన శూన్యమే దాని యునికివలె భాసించును. రూపకమును గవి ప్రకటింపలేదు. దీర్ఘనిరీక్షణమే దానిని గల్పించినది.

క్రైస్తవయోగులలోఁ గొందఱు భగవంతుని 'ఇట్టివాఁ'డని చెప్పుటకంటె 'ఇట్టివాఁడు గాఁ'డని చెప్పుట మేలని తలఁచిరి. థామస్ ఆ సంప్రదాయమువాఁడే; 1972 నాఁటి 'హ్మ్' అను సంపుటమునందు నొక ఖండికకు ఆ మార్గపుఁ బేరునే 'వయా నెగటీవా' యని యుంచెను. ఉపనిషత్తుల 'నేతి నేతి' మార్గమును ఎఱిఁగిన పాఠకునకు ఇది పరిచితముగాఁ దోఁచుట సహజము. అయినను భేదము గలదు. ఉపనిషన్మార్గమున నిషేధములన్నియుఁ దీఱిన పిమ్మట మిగులునది ఆత్మయే. అచట వెదకువాఁడును వెదకఁబడునదియు నొకటే యగును. థామస్ మార్గమున నిషేధములు తీఱిన పిమ్మటను ఎదుట నొకఁడు మిగిలియే యుండును, అతఁడు పలుకఁడు. అద్వైతికిఁ బ్రశాంతి లభించుచోట నితనికి నిరీక్షణము లభించును.

ఇందలి రసమేది యను ప్రశ్న యుక్తమైనది. శాంతమని వెంటనే చెప్పరాదు. శాంతమునకు నిర్వేదము స్థాయి యని మమ్మటుని మతము. థామస్ ఖండికలయందుఁ గోరిక చల్లాఱలేదు; ఔత్సుక్యము, చింత, శంక యను సంచారిభావములు పదేపదే తలయెత్తుచుండును. వీనినిబట్టి చూచిన నిది విప్రలంభమునకు సన్నిహితము. అందును సమాగమానంతరమైన విరహము గాక, చూడకమున్నే వినికివలనఁ గలిగిన పూర్వరాగమువంటిది. 1978 నాఁటి 'ఫ్రీక్వెన్సీస్' సంపుటమున 'పిల్‌గ్రిమేజెస్' అను ఖండికయందు ఎన్లీ ద్వీపమును జేరిన యాత్రికుఁడు తాను ఆలస్యముగా వచ్చితినా యని శంకించును. ముందు వచ్చిన సాధువులును ఆలస్యముగానే వచ్చిరేమో యని మఱల శంకించును. చేరినచోటను విరహమే. సంభోగమెఱుఁగని విప్రలంభము రసపదవిని బొందునా యని లాక్షణికుఁడు సందేహింపవచ్చును. థామస్ దానికి రసపదవిని గల్పించుటయందే యతని ప్రతిభ కలదు.

ఇందుల కతని పాదరచన తోడ్పడినది. తెలుఁగుపద్యమునందును వాక్యము పాదము దాఁటి సాగుట కలదు. కాని యచట యతియుఁ బ్రాసయు గణబంధమును జదువరిని జేయిపట్టి నడపించును. థామస్ ఉత్తరకాలమునఁ బ్రాసను, నియతఛందస్సును జాలవఱకు విడిచెను. విశేషణ మొక పాదాంతమున నిలుచును, విశేష్యము క్రిందిపాదమునకు జాఱును. క్రియకై చదువరి యొక క్షణము శూన్యముపై నిలువవలసి వచ్చును. పాదపుఁ గొన కొండకొమ్మువంటిది. అడుగు వేయకమున్ను తాళవలయును. వస్తువు వేచియుండుట, రూపమును వేచియుండుటనే నేర్పును. శబ్దార్థముల సాహిత్యమనఁగా నిట్టిదే.

నిరీక్షణ

క్రైస్తవశాస్త్రమున పౌలు చెప్పిన సద్గుణత్రయము ప్రసిద్ధము. ఆ మూఁటిలో రెండవదానిని తెలుఁగు బైబిలు 'ఆశ' యనలేదు, 'నిరీక్షణ' యనెను. సంస్కృతమున నీ శబ్దమునకుఁ జూచుట యని యర్థము. తెలుఁగున వేచియుండుట యని రూఢి. చూచుటయు, వేచియుండుటయు, ఆశించుటయు నొక్కశబ్దమున నిమిడిన యీ యనువాదము మూలముకంటె విశదమైన దనినను తప్పులేదు. థామస్ తీరకవితకు నింతకంటె యోగ్యమైన నామము దొరకదు. అతని యాశ ఫలాపేక్ష గాదు. మేలు జరుగునని యతఁ డెచటను హామీ యీయఁడు. కన్ను మరల్పకుండుటయే యతని యాశ.

'ది మూన్ ఇన్ లీన్' అను ఖండిక దీనికిఁ బ్రబలనిదర్శనము. ఇదియు 1975 సంపుటములోనిదే. క్షీణచంద్రుఁడు కనఁబడుచుండఁగా, భక్తులు లేని రాతిదేవాలయమునఁ బురోహితుఁడు మోకరిల్లియుండును. అలలధ్వనియు నీడలును దప్ప నందు వేఱెవరును లేరు. చంద్రకళలనుబట్టి యుగములు మాఱునని చెప్పిన ఐరిష్ మహాకవి యేట్స్ మాట నిజమే కాఁబోలు, క్రైస్తవయుగ మస్తమించినది కాఁబోలునని యతఁడు తలఁచును. ఆ తలఁపు తీర్పుగా మాఱు తరుణమున నొక స్వరము హెచ్చరించును. తొందరపడి యంత్యమును బ్రకటింపవలదు. మనుష్యులు మఱల యాత్రికులగుచున్నారు, ఈ తావునకుఁ గాకున్నఁ దమ యంతరంగములయందుఁ గల్పించుకొన్న యిట్టి తావునకే. ప్రార్థనకును వృద్ధిక్షయములు గలవు. క్షయమునకుఁ బ్రతీకగాఁ బ్రవేశించిన చంద్రుఁడే తుదకు వృద్ధికిఁ బ్రతీక యగును. చంద్రుని క్షయమును జూచి యమావాస్యయే శాశ్వతమని యెవ్వఁడును అనఁడు గదా. వస్తువును మార్పకయే యర్థమును మార్చిన యీ నిర్వాహము ధ్వనికావ్యమునకు మేలైన యుదాహరణము.

ఈ హెచ్చరికను గుర్తుంచుకొనవలయును. దేవాలయము విషయమునఁ గవి దానిని విని లోఁబడెను. దేశము విషయమున విన్నాఁడా యనునదే తరువాతి ప్రశ్న.

రాజకీయము

లీన్ తీరము యాత్రికులకే గాక దేశాభిమానులకును తీర్థమైనది. వేల్సు జాతీయపక్షము 1925లో ఈ ద్వీపకల్పమునందలి పల్‌హెలీ పట్టణముననే స్థాపింపఁబడెను. అచటికి సమీపమున పెనిబెర్త్ అను ప్రాచీనమైన కర్షకగృహమును గూల్చి, బ్రిటిషు ప్రభుత్వము బాంబులు వేయుటను శిక్షణ మిచ్చు వైమానికకేంద్రమును నిర్మింప సాగెను. ఇంగ్లండులోఁ దలపెట్టిన స్థలములకు వచ్చిన యభ్యంతరములను ప్రభుత్వము మన్నించినది. వేల్సు ప్రజల యభ్యంతరములను మన్నింపలేదు. 1936 సెప్టెంబరు 8వ తేదీన సాండర్స్ లూయిస్ అను నాటకకర్తయు, లూయిస్ వాలెంటైన్ అను మతబోధకుఁడును, డి. జె. విలియమ్స్ అను కథారచయితయు ఆ నిర్మాణములకు నిప్పుపెట్టి, తామే ఠాణాకుఁ బోయి తమ కార్యమును దెలిపిరి. కార్నార్వన్ న్యాయస్థానమున జ్యూరీ యేకాభిప్రాయమునకు రాలేదు. అభియోగము లండనునకు మార్పఁబడి, 1937లో వారికిఁ దొమ్మిదినెలల కారాగృహశిక్ష విధింపఁబడెను. థామస్ మతదీక్ష గైకొన్న సంవత్సరమే యీ యగ్ని రగిలెను.

పిమ్మటి చరిత్ర నీటిది. లివర్‌పూల్ నగరమునకు నీరు సమకూర్చుటకై ట్రవెరిన్ లోయను జలాశయముగా మార్చిరి. కాపెల్ కెలిన్ అను గ్రామము తన పాఠశాలతోను బ్రార్థనామందిరముతోను 1965లో నీట మునిఁగెను. అంతకు ముందు 1962 ఫిబ్రవరి 13వ తేదీన సాండర్స్ లూయిస్ 'భాషయొక్క గతి' యను రేడియో యుపన్యాసమునందు, ఉద్యమము లేనిచో వేల్సుభాష యిరువదియొకటవ శతాబ్ది యారంభమునాఁటికి నశించునని హెచ్చరించెను. 1911లో నూటికి నలువదిమందికిఁ బైగా మాటలాడిన భాషను 1961 నాఁటికి నూటికి ఇరువదియార్గురు మాత్రమే మాటలాడుచుండిరి.

ఈ సందర్భమునఁ బుట్టినది 'రెజర్వాయర్స్' అను ఖండిక. 1968లో వెలువడిన 'నాట్ దట్ హీ బ్రాట్ ఫ్లవర్స్' సంపుటమునఁ గలదు. ఇందు నడక యున్నది, తీరము నున్నది. జలాశయములున్న లోయలకు తాను బోఁజాలనని కవి చెప్పును. అచటి నీటియడుగున సమాధిశిలలును, మందిరములును జాతిమనస్సునఁ గలఁత వెట్టుచున్నవి. అటనుండి తప్పించుకొని తీరమునకుఁ బోయి యొకగంట నడచును. అచటను శాంతి లేదు. ఇసుకపై ఆంగ్లేయవిహారులు పోటువలెఁ బరచుకొని, మృతజాతి శేషములను దేవుకొనుచున్నట్లు అతనికిఁ గనఁబడును. తుదియందు నింద వారినుండి మరలి స్వజనముపైఁ బడును: భాషకు గోయి త్రవ్వినవారు పరులు గారు.

ఆ తుదిమలుపు ఖండికకుఁ బ్రాణము. పరనిందగా ముగిసినచో నది సామాన్యప్రచారపద్య మయ్యెడిది. ఉత్తమపురుషబహువచనమును వాడి కవి తన్నును దోషులలోఁ జేర్చుకొనుటచే నది పశ్చాత్తాపముగా మాఱినది. ఇంతవఱకు దాని సిద్ధి నిర్వివాదము. కాని రసదృష్టితోఁ జూచిన, ఇందు జుగుప్సయు గ్రోధమును గలవు, ఉత్సాహము లేదు. వీరమునకు స్థాయి యుత్సాహమే గదా. పెనిబెర్త్ వీరుల కార్యమున నిప్పుకంటె మిన్నయైనది వారు స్వయముగా ఠాణాకు నడచిపోవుట, అది యుత్సాహము. థామస్ తీరపునడక కట్టి గమ్యము లేదు.

పూర్వపక్షమును సమాధానమును

ఇచట నొక యాక్షేపణము రావచ్చును. హీబ్రూ ప్రవక్తలును స్వజనమును గఠినముగా నిందించిరి. ఆ కాఠిన్యము ప్రేమకు రూపాంతరము. థామస్ పురోహితుఁడు గనుక నతని క్రోధమును అట్లే గ్రహింపవలదా యని. ఇది విచారింపఁదగిన యాక్షేపణమే. అయితే ప్రవక్తల నిందకు వెనుక మరలివచ్చుటకు దారి తెఱచియుండును. యిర్మీయా దేశనాశనమును జాటుచునే, శత్రువులు ముట్టడించిన దేశమునఁ బొలము కొన్నాఁడని బైబిలు కథ. అట్టి పొలము 'రెజర్వాయర్స్' ఖండికలోఁ గొనఁబడలేదు. కుళ్లువాసనయుఁ బూడ్చుగోయియు మాత్రము మిగిలినవి.

మఱియు నొక విశేష మున్నది. అదే 1968 సంపుటమున 'నీలింగ్' అను ఖండిక కలదు. అందుఁ బురోహితుఁడు బలిపీఠమునొద్ద మోకరిల్లి దేవుని మాటకై వేచియుండును. ఆ మాట త్వరగా రావలెనని కూడఁ గోరఁడు. దేవుఁడు పలుకకున్న నిది యుపేక్ష యని యతఁ డనఁడు. స్వజనము పలుకకున్న నిది మరణమని తీర్పు చెప్పును. ఒకే గ్రంథమున, ఒకే కవి, ఒక మౌనమును బ్రార్థనగా వినెను. వేఱొక మౌనమును శవముగాఁ జూచెను. 'ది మూన్ ఇన్ లీన్' ఖండికలోని స్వరము దేవాలయము విషయమున వలదన్న తొందరపాటు, దేశము విషయమున నిర్నిరోధముగాఁ బ్రవర్తించినది. సద్గుణత్రయమున విశ్వాసనిరీక్షణముల పిమ్మట నుండవలసినది ప్రేమ. థామస్ కవితయందు ఆ మూఁడవస్థానమున రాజకీయము నిలిచినది. అది ప్రేమయే, కాని యోర్పు నేర్వని ప్రేమ. ఇది యతని కవితలోని కొఱఁత.

ఈ కొఱఁతను గవి యెఱుఁగఁ డనుట కష్టము. 1946 నాఁటి తొలిసంపుటమునందే యాగో ప్రిథర్క్ అను కల్పితకర్షకునియెడ నతని చూపు జుగుప్సకును గౌరవమునకును నడుమ నూఁగుచుండెను. కొండచేనిలో నొంటరిగాఁ బాటుపడు ఆ మూగవాని ముందుఁ బురోహితుఁడు పలుమాఱులు సిగ్గుపడెను. ఆ సిగ్గు కొనసాగినంతకాలము అతని దేశకవిత్వము బ్రదికియున్నది. ప్రిథర్క్ తొలఁగి, వ్యక్తి స్థానమున గుంపు వచ్చినప్పుడే యది బిగిసిపోయినది.

వేల్సుభాషలోని యతని వచనము వేఱొక మనిషిని జూపును. 1985లో వెలువడిన ఆత్మకథకు 'నేబ్' అని పేరు. ఎవఁడును గానివాఁ డని దాని యర్థము. అందుఁ గవి తన్నుఁ బ్రథమపురుషమునఁ జెప్పుకొని, తన మొండితనమును జూచి తానే నవ్వును. 1990లో వెలువడిన లీన్ వత్సరచర్య మాసక్రమమున సాగును. పక్షుల రాకపోకలు, గాలివానలు, కడలిరంగులు, భాషను గూర్చిన వేదన యొకదాని ప్రక్క నొకటి నడచును. తీరమున నడచినట్లే వచనమును నడచును. నేర్చుకొన్న భాషలో మాటలాడువానికి సహజముగాఁ గలుగు వినయ మందుఁ గలదు. విశ్రాంతికాలమున నతఁడు అణ్వాయుధనిరాయుధీకరణోద్యమమునఁ బాల్గొని శ్రమించెను. ఆంగ్లకవితలోఁ గొఱవడిన యోర్పు దేశభాషావచనమున దొరకుట యాశ్చర్యమే గాని యకారణము గాదు. ఆంగ్లమున నతఁడు అభియోక్త, వేల్సుభాషలో నింటివాఁడు.

ఉపసంహారము

కాలము కవి తీర్పును బరీక్షించినది. మృతమనఁబడిన జాతి 1979లో స్వపరిపాలనను నిరాకరించెను; 1997లో అత్యల్పాధిక్యముతో నంగీకరించెను. భాషకు 1967, 1993, 2011 సంవత్సరములలో శాసనబలము క్రమముగాఁ జేకూరెను. ట్రవెరిన్ విషయమై లివర్‌పూల్ నగరసభ 2005లో క్షమాపణము చెప్పెను. ఇవి జయగాథలు గావు. 2021 జనాభాలెక్కలలో వేల్సుభాష నెఱిఁగినవారు నూటికి పదునెనిమిదిమందికంటెఁ గొంచెము తక్కువ; లీన్ ద్వీపకల్పమున్న గ్వినెథ్ ప్రాంతమున మాత్రము నూటికి అఱువదినలుగురు. క్షయమును గలదు, శేషమును గలదు. పోటు క్రింద నూట యున్నది. మరణమనుటకును జయమనుటకును వీలుగాని యీ స్థితికి నిరీక్షణమే తగిన మాట.

2012లో వేల్సు తీరమంతటను 870 మైళ్ల కాలిబాట తెఱవఁబడెను. అది అబర్‌డారన్ మీఁదుగాఁ బోవును. బేసింగ్‌వెర్క్ మఠశిథిలములనుండి యా గ్రామమునకుఁ బ్రాచీనయాత్రామార్గమును సైతము పునరుద్ధరించిరి. ఆ బాటలవెంట నడచువారిలో విహారి యెవఁడో, యాత్రికుఁ డెవఁడో అడుగుజాడలను జూచి చెప్పుట యసాధ్యము. 'రెజర్వాయర్స్' కవికి వారందఱు పోటునీరు. 'ది మూన్ ఇన్ లీన్' కవికి వారిలో నెవఁడైనను యాత్రికుఁడు గావచ్చును. ఇద్దఱు కవులును ఒకఁడే. అతనిని సమగ్రముగాఁ జదువుట యనఁగా మొదటివాని కోపమును గాదనక, రెండవవాని యోర్పుతో దానిని సరిచూచుకొనుట. దేవునియెడ నంతటి దీర్ఘనిరీక్షణమును నేర్పిన కవి, దానిని మనుష్యులయెడఁ జూపుటను జదువరులకు విడిచిపోయెను. ఆ శేషకార్యమును గుర్తించినవారికి థామస్ కవిత నిరాశాకావ్యముగాఁ దోఁపదు.